పడక–పలహారం

ప్రభుత్వం వారి దృష్టి గడ్డి మీద పడిన సంవత్సరమే నేను రిజిస్ట్రేషన్ శాఖలో హెడ్ గుమాస్తాగా రిటైరయ్యాను. ఈ రెండింటికీ సంబంధం ఏర్పడుతుందని అప్పట్లో నాకు తెలియదు.

మాది కాకినాడ. మా వైపు ఎటు చూసినా కంటికి ఏదో ఒకటి అడ్డుపడుతుంది, కొబ్బరితోటో, కాలవో, ఎవరిదో మేడో. రాయలసీమలో ఒక మూల కసువుకొట్టాల అనే ఊరి చుట్టూ ఏ అడ్డమూ లేని గడ్డిబయలు ఉందనీ, అక్కడి రైతుల ఇళ్లలోనే బస చేసి దాన్ని చూడొచ్చనీ పేపర్లో పడింది. పథకం పేరు ‘పడక–పలహార గృహాలు’. ఇంటివాళ్లు రాత్రికి మంచం ఇస్తారు, పొద్దున పలహారం పెడతారు. విదేశాల్లో ఇది దివ్యంగా నడుస్తోందని అధికారుల బృందం ఒకటి వెళ్లి, పడుకుని, తిని, నిర్ధారించుకుని వచ్చిందట.

“గడ్డి చూడ్డానికి అంత దూరమా?” అంది మా ఆవిడ హైమవతి.

“మన గడ్డి పొలం గట్టు మీద ఉంటుంది. అది దేశమంత ఉంటుందిట,” అన్నాను.

కార్తీకమాసంలో బయల్దేరాం. కర్నూలు దాటి రెండు బస్సులు మారాక చెట్లు తగ్గాయి, ఆ తర్వాత ఇళ్లు తగ్గాయి, చివరికి గడ్డి మిగిలింది. నడుం ఎత్తున, ఎండిన గోధుమరంగులో, గాలి వీచినప్పుడల్లా ఒక పక్కనుంచి ఇంకో పక్కకి ఒరుగుతూ. హైమవతి బస్సు కిటికీలోంచి అరగంట చూసి, “బానే ఉంది,” అంది. ఆవిడ తాజ్ మహల్ చూసినప్పుడూ అంతే అంది.

మాకు కేటాయించిన ఇల్లు మద్దమ్మది. నలభై అయిదేళ్లుంటాయి. భర్త ఉరుకుందప్ప గొర్రెలు మేపుతాడు. రెండేళ్లుగా వాన లేక శనగ చేను ఎండిపోతే, ఈ గది మీద వచ్చేదే వాళ్లకి ఆధారం. కూతురు అనంతపురంలో పాలిటెక్నిక్ చదువుతోంది. గుమ్మం మీద ఈ పథకం నడిపే శాఖవారి నీలిరంగు బోర్డు, గదిలో శాఖవారి మంచం ఉన్నాయి. మంచం కొలతలు ఉత్తర్వులో ఉన్నాయి గానీ గది కొలతలు ఎవరూ అడగలేదు. అందుకని గుమ్మం ఊడదీసి మంచాన్ని లోపలికి తోసి మళ్లీ గుమ్మం బిగించారు. తలుపు జానెడు తెరుచుకుంటుంది. మేం పక్కవాటుగా లోపలికి వెళ్లాం.

పొద్దున లేచేసరికి వంటింట్లోంచి జొన్నరొట్టె కాలుతున్న వాసన. మద్దమ్మ మా ముందు రెండు పళ్లాలు పెట్టింది. వాటిలో బ్రెడ్డు ముక్కలు, ఎర్రటి జాము.

“ఆ రొట్టెలో?” అన్నాను.

“అవి మాకు సార్. మీకు ఇవే పెట్టల్ల.” ఆమె గూట్లోంచి ఒక కాగితం తెచ్చి ఇచ్చింది. అనుబంధం మూడు, పలహారముల పట్టిక. బ్రెడ్డు, జాము, వెన్న, ఉడికించిన గుడ్డు, ఇడ్లీ. “ఇడ్లీ ఈ పక్క ఎవరింట్లో చేస్తారు? కనీసం ఉగ్గాని చేస్తానప్పా, బొరుగులు నానబెట్టి తాలింపు ఏసేదే గదా అని అడిగినా. పట్టికలో లేదన్నారు. రొట్టె పెడితే అది భోజనమంట. భోజనం పెడితే మాది హోటలంట. హోటలైతే మంటలార్పే యంత్రం పెట్టి, ముందర బండ్లు నిలిపేదానికి జాగా చూపియ్యల్లంట.”

ముందర ఉన్న జాగా నాకు కనిపిస్తూనే ఉంది. అది అటు ఆకాశం దాకా ఉంది. కాని దానికి హద్దులు గీసి, సున్నం కొట్టి ఉండాలట.

పలహారానికే ఇంత ఉంటే, మధ్యాహ్నం సంగతి ఊహించుకోవచ్చు. ఊళ్లో హోటలు లేదు. దగ్గరలో ఉన్నది ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు. గడ్డి చూడ్డానికి వచ్చినవాళ్లు గడ్డిని వదిలేసి అన్నానికి బస్సెక్కేవారు. ఆ బస్సు పదకొండుకొకటి, మూడుకొకటి. మొదటిరోజు మేమూ అలాగే వెళ్లి, అన్నం తిని, చీకటి పడేలోగా తిరిగొచ్చాం.

రెండో రోజు గడ్డిలోకి నడిచాం. గువ్వల్లాంటి పిట్టలు గుంపుగా లేచి మళ్లీ గడ్డిలో పడి మాయమయ్యేవి. నడిచినకొద్దీ ఇంకా నడవాలనిపించే చోటది. బస్సు వేళ దాటిపోయింది. తిరిగొచ్చేసరికి ఒంటిగంటన్నర. హైమవతికి షుగరు. అరుగు మీద కూర్చోబోతూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ చెయ్యి వణుకుతోంది, నుదుటి మీద చెమటలు.

మద్దమ్మ చూసింది. వెంటనే బెల్లపు ముక్క నోట్లో పెట్టి, మంచినీళ్లు తాగించింది. తర్వాత వీధి గుమ్మం దాకా వెళ్లి అటూ ఇటూ చూసి, లోపలికి వెళ్లి పళ్లెం తెచ్చింది. రెండు జొన్నరొట్టెలు, వంకాయ కూర, వాళ్లు చెనిక్కాయలనే వేరుశనగల పచ్చడి.

“తినక్కా. నిదానంగా తిను.”

“నీకు ఇబ్బందేమోనమ్మా,” అంది హైమవతి.

“ఉంటాది. పోయిన నెల ఖాసీం పీరా ఇంట్లో పండగనాడు వచ్చినోళ్లకి ఇంత పలావు పెట్టినాడని బోర్డు పీక్కపోయినారు. ఆ పొద్దునుంచి వాళ్లింటికి ఒక్కరూ రాలేదు.” ఆమె తలుపు దగ్గరగా వేసి దానికి ఆనుకుని నిలబడింది. “నువ్వు తిను. నేను ఈడ ఉంటా.”

రొట్టె నాకూ పెట్టింది. తలుపు వేసుకుని దొంగతనంగా తిన్న ఆ భోజనం మా పెళ్లి భోజనం కన్నా బాగుంది. తింటూండగానే నాలో హెడ్ గుమాస్తా మేలుకున్నాడు.

“దీనికి దారి ఉందమ్మా. నేను అర్జీ రాస్తాను. చూపించాల్సిన విధంగా చూపిస్తే ఏ శాఖైనా వింటుంది,” అన్నాను.

“వద్దు సార్,” అంది మద్దమ్మ. “రాస్తే మేం ఉన్నామని వాళ్లకి గుర్తొస్తాది.”

నేను నవ్వాను. పల్లెటూరి భయం అనుకున్నాను.

కాకినాడ వచ్చి నాలుగు పేజీల అర్జీ రాశాను. అందులో ప్రాణమంతా మూడో పేజీలోని ఒక వాక్యంలో పెట్టాను. దాన్ని నాలుగుసార్లు తిరగరాశాను. “నిద్ర లేచిన పిమ్మట మనిషి తీసుకొను మొదటి ఆహారము, అది రొట్టె అయినను, అన్నమైనను, మరేదైనను, పలహారముగానే పరిగణింపదగును.” పొద్దున బ్రెడ్డు బదులు జొన్నరొట్టె పెట్టుకోనిస్తారని నా ఆశ. అది పెడితే మిగిలినవి నెమ్మదిగా సాధించవచ్చు. హైమవతికి చదివి వినిపించాను. “బానే ఉంది,” అంది.

రెండు నెలలకి జవాబు వచ్చింది. నా జన్మలో శాఖాపరమైన జవాబు అంత త్వరగా రావడం చూడలేదు. గ్రామీణ ఆతిథ్య విభాగం ఉప సంచాలకులు పరాంకుశం గారు స్వయంగా సంతకం చేశారు. “తమ అమూల్యమైన నిర్వచనము యథాతథముగా స్వీకరించబడినది. సవరణ ఉత్తర్వు జారీ చేయబడినది. గడ్డిబయలు ప్రాంతమంతటా అమలు జరుగుచున్నది.” ఆ కాగితం పట్టుకుని మా వీధిలో ముగ్గురికి చూపించాను. నా వాక్యం చట్టమైంది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఇతరుల వాక్యాలకి నకళ్లు తీసినవాడికి ఆ సంతోషం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

“వెళ్లి చూసొద్దాం,” అన్నాను. మాఘంలో మళ్లీ బయల్దేరాం.

మిట్టమధ్యాహ్నం కసువుకొట్టాలలో దిగితే ఊరు మాటా పలుకూ లేకుండా ఉంది. పిండిమర ఆపేసి ఉంది. వీధిలో కుక్క లేదు. ఉరుకుందప్ప గొర్రెల్ని తోలుకుని ఎదురొచ్చాడు. వాటి మెడల్లో గంటలున్నాయి గానీ మోగడం లేదు. దగ్గరికొస్తే ప్రతి గంటలోనూ గడ్డి కుక్కి ఉంది.

“ఏమైంది?” అన్నాను.

ఆయన నోటి మీద వేలు పెట్టి, “పలహారం టయిము,” అన్నాడు రహస్యంగా.

వీధి మధ్యలో ఒకావిడ చంకలో రిజిస్టరు, చేతిలో గడియారంతో ఇంటింటికీ తిరుగుతోంది. పంచాయతీ కార్యదర్శి నస్రీన్. ముప్ఫై అయిదేళ్ల మనిషి, నిద్ర చాలని కళ్లు. మద్దమ్మ అరుగు మీద కూర్చుని మాకు అంతా చెప్పింది.

సవరణ ఉత్తర్వు ప్రకారం, నిద్ర లేచాక తినేది ఏదైనా పలహారమే. పథకంలో పలహారానికి అనుమతి ఉంది. కాబట్టి అతిథికి మధ్యాహ్నం అన్నం కావాలంటే అంతకుముందు నిద్రపోయి లేవాలి. రాత్రి అన్నం కావాలంటే సాయంత్రం మళ్లీ నిద్రపోయి లేవాలి. నిద్ర ముప్ఫై నిమిషాలకు తగ్గరాదు. శాఖ మంచం మీదే పోవాలి. నిద్ర నిజమైనదని స్థానిక అధికారి ధ్రువీకరించాలి. స్థానిక అధికారి అంటే నస్రీన్.

“పదకొండు ఇళ్లు సార్. ఇంటికి ఇద్దరు. పూటకి ఇరవై రెండు మంది నిద్ర చూడాలి. ఇంటిపన్నులు వసూలు చెయ్యడం మానేసి నెల దాటింది,” అంది నస్రీన్.

“నిద్ర పట్టనివాళ్లు?”

“పోయినవారం విజయవాడ నుంచి ఒక డాక్టరుగారొచ్చారు. ఆయనకి పగలు నిద్ర రాదంట. మూడు రోజులూ పొద్దుటి పలహారంతోనే సరిపెట్టుకుని వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకి అలవాటైపోయింది. పొద్దున లేచి తింటారు. పదకొండుకి పడుకుంటారు. లేచి తింటారు. అయిదుకి పడుకుంటారు.”

“మరి గడ్డి?”

“కిటికీలోంచి కనిపిస్తుంది.”

శాఖకి మాత్రం ఇది గొప్ప విజయం. పడకల వినియోగం మూడింతలైందని లెక్క తేలింది. ఒక మంచం మీద రోజుకి మూడు నిద్రలు దేశంలో మరెక్కడా నమోదు కాలేదట. రాష్ట్రస్థాయి పురస్కారానికి కసువుకొట్టాల పేరు పంపారు.

“ఇదంతా ఎవరో కాకినాడ పెద్దమనిషి రాసిన దాని ప్రకారమంట,” అంది నస్రీన్ రిజిస్టరు తిరగేస్తూ. “తీరిగ్గా కూర్చుని రాసుంటాడు.”

హైమవతి నా వైపు చూసింది. నేను గడ్డి వైపు చూశాను.

నస్రీన్ పక్కింటికి వెళ్లాక మద్దమ్మ దగ్గరికి వెళ్లి, “అమ్మా, ఆ వాక్యం రాసింది నేనే,” అన్నాను. చెప్పడానికి చాలా కష్టపడ్డాను.

“తెలుసు సార్. ఉత్తర్వులో మీ పేరు ఉండాది. నా కూతురితో చదివించుకున్నా.” ఆమె గొంతులో కోపం లేదు. “మీరు మంచికే రాసినారు. అందుకే నేనేం అనలేదు.”

ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ మధ్యాహ్నం మేమిద్దరం ఆ పెద్ద మంచం మీద కళ్లు మూసుకుని పడుకున్నాం. హైమవతికి నిద్ర పట్టింది. నాకు పట్టలేదు, గానీ ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో నేర్చిన విద్యతో నస్రీన్‌ని నమ్మించాను.

మర్నాడు పరాంకుశం గారు జీపులో వచ్చారు. పురస్కారానికి ముందు తుది తనిఖీ. యాభై దాటిన మనిషి, తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. నన్ను పరిచయం చేసుకుంటే రెండు చేతులూ పట్టుకున్నారు.

“తమరేనా. తమ నిర్వచనం మా శాఖకి వెన్నెముకండీ. చాలా శాస్త్రీయంగా ఉంది.”

“సార్, దాని గురించే మనవి చేద్దామని...”

“తర్వాత. ముందు నేను అతిథి హోదాలో ఈ గృహాన్ని అనుభవించాలి. అనుభవపూర్వక తనిఖీ. అతిథికి వర్తించేవన్నీ నాకూ వర్తిస్తాయి.” ఆయన ఆగి, వంటింటి వైపు ముఖం తిప్పారు. రొట్టెలు కాలుతున్నాయి. వంకాయ కూర దించినట్టుంది. “పొద్దున ఆరింటికి బయల్దేరానండీ. దారిలో ఏమీ దొరకలేదు. పలహారం ఎన్ని గంటలకమ్మా?”

“మీరు నిద్ర లేసినాక సార్,” అంది మద్దమ్మ.

ఆయన ఒక క్షణం ఆలోచించి, “సరే. నిద్రిస్తాను,” అన్నారు. ఆ మాట అనడంలో ఏదో శంకుస్థాపన చేస్తున్న గాంభీర్యం ఉంది.

చొక్కా విప్పి మేకుకి తగిలించి, పక్కవాటుగా గదిలోకి వెళ్లి, పడుకున్నారు. నస్రీన్ జానెడు తలుపు సందు ముందు స్టూలు వేసుకుని గడియారం చేత్తో పట్టుకుంది. నేను, హైమవతి అరుగు మీద కూర్చున్నాం.

పది నిమిషాలు గడిచాయి.

“సార్, నిద్రపోయారా?” అంది నస్రీన్.

“పోయాను.”

“జవాబు చెప్పారు కాబట్టి పోలేదు సార్. మళ్లీ మొదటినుంచి.”

మళ్లీ పన్నెండు నిమిషాలు. లోపల్నుంచి గుర్రుమని ఒక శబ్దం వచ్చింది. నస్రీన్ చెవి పెట్టి విని, రిజిస్టరులో రాసుకుంది. నేను తొంగి చూశాను. ‘శబ్దము వచ్చుచున్నది. గురక అగునో ఆకలి అగునో నిర్ధారణ కాలేదు’ అని ఉంది.

“నస్రీన్ గారూ,” అన్నారు పరాంకుశం గారు కాసేపటికి, కళ్లు తెరవకుండానే. “మీ విచక్షణాధికారం ఏమైనా ఉందా ఇందులో?”

“లేదు సార్. మీరే తీసేశారు. పద్నాలుగో పేరాలో.”

“అవును. తీసేశాను.”

రెండయింది. ఆయన అటు తిరిగారు, ఇటు తిరిగారు. కడుపు మీద చెయ్యి పెట్టుకున్నారు. వంటింట్లో మద్దమ్మ పొయ్యి ముందు అటూ ఇటూ తిరుగుతోంది. గిన్నె మీద మూత తీస్తుంది, పెడుతుంది. తలుపు సందులోంచి ఆ మనిషిని ఒకసారి చూసింది. ముఖం పీక్కుపోయి, పెదాలు ఎండిపోయి, మంచం మీద కళ్లు గట్టిగా మూసుకుని నిద్రకోసం ప్రయత్నిస్తున్న ఆయన అధికారిలా లేరు.

ఆమె పళ్లెంలో రొట్టెలు, కూర పెట్టుకుని వచ్చింది.

“నస్రీనమ్మా, జరుగు.”

“అక్కా, ఇంకా నిద్రపోలేదు. ఇప్పుడు పెడితే...”

“తెలుసులే.” తలుపు సందులోంచి పళ్లెం లోపలికి అందించింది. “లెయ్యండి సార్. తిన్నాక పండుకుందురు.”

పరాంకుశం గారు లేచి కూర్చున్నారు. “అమ్మా, నిబంధన ప్రకారం...”

“నా ఇంట్లో ఆకలితో ఒక మనిషి పండుకొని ఉంటే నేను పొయ్యికాడ కూచోలేను సార్. కాగితం సంగతి మీరు చూసుకోండి. తినేది నేను చూసుకుంటా.”

ఆయన పళ్లెం అందుకున్నారు. మొదటి రొట్టె మాట్లాడకుండా తిన్నారు. రెండోది కళ్లు మూసుకుని తిన్నారు. వంకాయ కూర మళ్లీ అడిగారు. నాలుగో రొట్టె అయ్యాక మజ్జిగ తాగారు. కళ్లలో తడి కనిపించింది, అది మిరపకాయ వల్ల కావచ్చు.

“మా అమ్మ చేసేదమ్మా ఇలాంటి కూర,” అన్నారు. “మాదీ పల్లెటూరే.”

నాకు ధైర్యం వచ్చింది. ఇక ఆ ఉత్తర్వు పని అయిపోయిందనుకున్నాను. హైమవతి కూడా నా వైపు చూసి తల ఊపింది.

పరాంకుశం గారు చెయ్యి కడుక్కున్నారు. చొక్కా తొడుక్కున్నారు. జేబులోంచి పెన్ను తీసి, నస్రీన్ దగ్గర రిజిస్టరు తీసుకుని, అరుగు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టారు. రెండు పేజీలు రాశారు.

“అమ్మా,” అన్నారు మృదువుగా, “మెలకువగా ఉన్న అతిథికి ఆహారం వడ్డించినందుకు మీ లైసెన్సు రద్దు చేయడమైనది. రొట్టెలు చాలా బాగున్నాయి. అది కూడా రాశాను.”

నేను కాగితంలోకి చూశాను. ‘రొట్టెలు నాలుగు, వంకాయ కూర రెండు పర్యాయములు వడ్డించుట జరిగినది. మిక్కిలి రుచికరముగా ఉన్నందున తనిఖీ అధికారి మెలకువగానే ఉండినట్లు నిస్సందేహముగా రుజువైనది.’

“సార్, తిన్నది మీరు,” అన్నాను.

“నేను తిన్నది తనిఖీలో భాగంగా. ఆవిడ పెట్టింది ఉల్లంఘనలో భాగంగా.”

“అయితే ఆ వాక్యం నాది. నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడే రాసిస్తాను.”

ఆయన నన్ను జాలిగా చూశారు. “ఉత్తర్వైపోయిన వాక్యానికి రాసినవాడు ఉండడండీ.”

బోర్డు అప్పుడే తీయించారు. మంచం శాఖది గనక అదీ తీసుకెళ్లాలి. డ్రైవరు, ఉరుకుందప్ప కలిసి గుమ్మం ఊడదీశారు. మంచం జీపు మీద పట్టలేదు. ట్రాక్టరు తెప్పిస్తామని చెప్పి దాన్ని వీధిలో నిలబెట్టి, పరాంకుశం గారు మద్దమ్మకి నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. మనస్ఫూర్తిగానే పెట్టారు.

గది ఒక్కసారిగా పెద్దదైంది. మద్దమ్మ గుమ్మం లేని గోడకి ఆనుకుని నిలబడింది. కూతురి ఫీజు సంగతి ఆలోచిస్తోందని ఆమె చెప్పకుండానే తెలుస్తోంది. హైమవతి వెళ్లి పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది.

“సామాన్లు సర్దుకుంటాం,” అన్నాను.

“ఎందుకు? బస్సు రేపు గదా,” అంది మద్దమ్మ.

నస్రీన్ గొంతు సవరించుకుంది. “లైసెన్సు లేని ఇంట్లో అతిథులు ఉంటే నేను రిపోర్టు రాయాలక్కా.” అని, రిజిస్టరు మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, తాపీగా అడిగింది. “వీళ్లు అతిథులా?”

మద్దమ్మకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

“మా అక్క,” అంది హైమవతిని చూపించి. తర్వాత నన్ను చూసింది. “మా బావ.”

“చుట్టాలైతే నా రిజిస్టరులోకి రారు,” అంది నస్రీన్. “మీ చెల్లెల్ని కూడా ఒకదాన్ని ఉన్నానక్కా. రెండు రొట్టెలుంటే పెట్టు. నెలరోజులుగా ఇంటింటా వాసన చూస్తున్నా.”

ఆ సాయంత్రం ఊళ్లో మాట పాకింది. వారం తిరక్కుండా పది ఇళ్లవాళ్లూ బోర్డులు నస్రీన్ ఆఫీసులో అప్పగించేశారట. మంచాలు బయటికి తీయడానికి గుమ్మాలు ఊడదీసే పని ఒక వడ్రంగికి నెలరోజులు సరిపోయింది. ఖాసీం పీరా పలావు వండడానికి పెద్ద డేక్సా కొన్నాడు. పిండిమర మధ్యాహ్నం పూట ఆడసాగింది. వచ్చినవాళ్లు నులకమంచాల మీద పడుకుని, ఏ పూట ఆకలేస్తే ఆ పూట తిని, పగలంతా గడ్డిలో తిరిగి, వెళ్లేటప్పుడు ఇంటి ఆడపడుచుకి ఇచ్చినట్టు చేతిలో ఏదో పెట్టి వెళుతున్నారని హైమవతికి ఫోన్లో తెలిసింది. మద్దమ్మ కూతురు మూడో ఏడు ఫీజు కట్టింది. పురస్కారం ఇంకో జిల్లాకి వెళ్లింది.

శ్రావణంలో నాకు శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. అదే సంతకం.

“కసువుకొట్టాల గ్రామమున ఇటీవల చుట్టముల సంఖ్య అసాధారణముగా పెరిగినట్లు విభాగము దృష్టికి వచ్చినది. ఒక్కొక్క గృహమునకు సాలీనా మూడువందల మంది చుట్టములు వచ్చుచున్నారు. ఈ విషయమై నియమావళి రూపొందించు నిమిత్తము ‘చుట్టము’ అనగా ఎవరో తమ శాస్త్రీయమైన నిర్వచనము పంపగలరు.”

హైమవతి ప్రయాణానికి సంచీ సర్దుతోంది. ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ సర్దడం ఆపి, నేనేం చేస్తానో చూస్తూ నిలబడింది.

నేను తెల్లకాగితం తీసుకున్నాను. వాక్యం తిరగరాయాల్సిన అవసరం రాలేదు. “అయ్యా, తమరు అడిగిన మాటకు అర్థము నాకు తెలియదు. తెలిసినవారు కూడా నాకు ఎవరూ తారసపడలేదు.” కింద సంతకం చేసి, తేదీ వేసి, కవరు అంటించాను.

బస్టాండుకి వెళ్లే దారిలో దాన్ని పోస్టుడబ్బాలో వేసి, మా మరదలి ఊరికి టిక్కెట్లు తీసుకున్నాం.